నాడి దొరికిన నక్షత్రాలు

తెలుగు ఉపన్యాసకునికి ఎక్స్-కిరణాలతో పని యేమని చదువరులలో కొందరికైనా సందేహం కలుగవచ్చును. ఈ సంచికలో నా వంతుకు ప్రతి యేటా వచ్చేది ఒక ప్రబంధ నాయికయో, ఒక శతకకర్తయో. ఈ మారు మన బి.యస్సీ. విద్యార్థులు నన్ను ఆ బాట నుండి తప్పించారు. విజ్ఞాన ప్రదర్శన కోసం తాము తయారుచేసిన అట్టలలో ఒకదాని శీర్షికను ఇంగ్లీషు నుండి తెలుగులోనికి మార్చిపెట్టమని నా వద్దకు వచ్చారు. అంతరిక్షంలో స్పందించే ఎక్స్-కిరణ మూలాలను కనుగొనడం, గుర్తించడం అన్నది విషయం. వారు తామే ఒక ప్రయత్నం చేసి తెచ్చారు. ఇంగ్లీషున ఉన్న రెండు క్రియలకూ అందులో 'కనుగొనుట' అనే ఒకే మాట వాడారు. "రెండూ ఒకటే కదా సార్" అన్నది వారిలో ఒక అమ్మాయి.

రెండూ ఒకటి కావని భాష చెప్పుకొనేవాడిగా అప్పటికప్పుడు చెప్పగలిగాను. ఎందుకు కావో చెప్పవలెనంటే నిఘంటువు చాలలేదు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుల దయవల్ల కొన్ని పుస్తకాలు సంపాదించి, రెండు మాసాల ఆదివారాలు వాటితో గడిపాను. గణితం కోరేవారు ఈ వ్యాసంలో నిరాశ చెందుతారు. అది నాకు చేతనైన విద్య కాదు.

ఎముక విరిగినప్పుడు ఆసుపత్రిలో తీసే ఫోటో మూలంగా ఎక్స్-కిరణాలు అందరికీ పరిచయమే. మాంసం గుండా దూసుకొనిపోగల ఆ కిరణం ఆకాశం నుండి వచ్చినప్పుడు మాత్రం మన వాయుమండలాన్ని దాటలేదు. గాలి పలుచనిదే అయినా మన నెత్తిన ఉన్న పొర మైళ్ళ కొలది మందం. అది మన ప్రాణాలకు మేలు చేసింది, ఖగోళశాస్త్రానికి అడ్డుపడింది. నేల మీద ఎంత పెద్ద దుర్భిణిని నెలకొల్పినా ఎక్స్-కిరణాలలో ఆకాశం ఎలా ఉంటుందో కనబడదు. పైకి పోవలసినదే.

1962 జూన్ 18 అర్ధరాత్రి వేళ అమెరికాలోని న్యూమెక్సికో ఎడారి నుండి ఏరోబీ అనే చిన్న రాకెట్టు ఎగిరింది. రికార్డో జియాకోని, హెర్బర్ట్ గర్‌స్కీ, ఫ్రాంక్ పావొలీని, బ్రూనో రాసీ అనే నలుగురు శాస్త్రజ్ఞుల ప్రయోగమది. సూర్యుని ఎక్స్-కిరణాలు తగిలి చంద్రుని నేల ఏమైనా మెరుస్తుందా అని చూడడం వారి ఉద్దేశం. వాయుమండలానికి పైన రాకెట్టు ఉన్నది దాదాపు ఆరు నిమిషాలు. చంద్రుని సంగతి ఏమీ తేలలేదు. వృశ్చికరాశి దిక్కు నుండి మాత్రం ఎవరూ ఊహించనంత తీవ్రమైన ఎక్స్-కిరణాలు వచ్చిపడ్డాయి. దానికి తరువాత స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. పేరయితే పెట్టారు గాని అది ఏమిటో తెలియదు. ఆ దిక్కున మామూలు దుర్భిణికి కనబడే వేలాది చుక్కలలో అది ఏ చుక్కయో కూడా తెలియదు. ఆ చుక్కను, నీలివన్నె గల ఒక మసక నక్షత్రాన్ని, వేలు పెట్టి చూపగలిగినది 1966లో. కనుగొనడానికి ఆరు నిమిషాలు పట్టింది, గుర్తించడానికి నాలుగేళ్ళు. మా విద్యార్థిని ప్రశ్నకు నేను వెదుకుతున్న జవాబులో సగం ఇక్కడే దొరికింది.

ఈ కథ అంతా అమెరికాలోనే జరిగిందని అనుకోనక్కరలేదు. 1968 ఏప్రిల్‌లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు మన హైదరాబాదు నుండి పెద్ద బెలూనుకు ఎక్స్-కిరణ దుర్భిణిని కట్టి ఎగురవేశారు. ఆ వృశ్చిక మూలాన్నే చూశారు. బెలూను రాకెట్టంత ఎత్తుకు పోదు. అందుచేత బలమైన ఎక్స్-కిరణాలు మాత్రమే దానికి అందుతాయి. కాని నిమిషాలు కాక గంటల తరబడి చూడగలదు. హైదరాబాదు మీద తెల్లని బెలూన్లు ఎగరడం చూసిన పెద్దలు మన పాఠకులలో ఉండవచ్చు. అవి ఏమి వెదకడానికి పోయాయో ఎందరికి తెలుసునో చెప్పలేను.

ఇక అసలు కథకు వస్తాను. ఎక్స్-కిరణాకాశాన్ని చూడడానికే ప్రత్యేకించిన మొట్టమొదటి ఉపగ్రహం 1970 డిసెంబరు 12న బయలుదేరింది. కెన్యా తీరానికి దగ్గరలో, హిందూ మహాసముద్రంలో సాన్ మార్కో అనే వేదిక ఉండేది. ఇటలీ వారు దాని మీద నుండి ఆ ఉపగ్రహాన్ని రాకెట్టులో ఎగురవేశారు. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. ఆ దేశపు ఆతిథ్యానికి గుర్తుగా నాసాలో ఆ పనికి అధికారిణిగా ఉన్న మార్జొరీ టౌన్సెండ్ దానికి 'ఉహురు' అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ.

ఇక్కడ ఒక మాట చెప్పక ముందుకు పోలేను. భాషోపాధ్యాయుని బలహీనతగా భావించి క్షమించండి. ఆ స్వాహిలీ మాటకు మూలం అరబ్బీలోని 'హుర్', అనగా స్వతంత్రుడు. మన ఉర్దూ విద్యార్థులు నిత్యం వాడే 'తహ్రీర్', అనగా వ్రాత, ఆ ధాతువు నుండి పుట్టినదే. విడుదల చేయడం, వ్రాయడం రెండూ అరబ్బీలో ఒక తల్లి బిడ్డలు. తూర్పు ఆఫ్రికా ఓడరేవులలో అరబ్బు వర్తకులు వదిలివచ్చిన ఒక మాట ఇటాలియనులు ఎగురవేసిన రాకెట్టెక్కి ఆకాశానికి పోయింది. అదే మాట మన ఉర్దూ శాఖలో ప్రతి రోజూ నల్లబల్ల మీద ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థుల ముఖాలలో వచ్చిన కాంతి న్యూట్రాన్ నక్షత్రాలను గురించి చెప్పినప్పుడు రాలేదు. అందుకు నేను విచారించలేదు.

ఉహురు తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతూ ఆకాశాన్ని తడిమి చూసేది. మామూలు మూలం దాని చూపులో పడినప్పుడు లెక్క క్రమంగా పెరిగి, తిరిగి క్రమంగా తగ్గేది. కాగితం మీద గీస్తే ఒక త్రిభుజం. సెంటారస్ అనే దక్షిణ నక్షత్రమండలంలో 1967 నాటికే ఒక మూలం తెలిసి ఉన్నది. దాని పేరు సెంటారస్ ఎక్స్-3. 1971 జనవరిలో ఉహురు దానిని చూసినప్పుడు త్రిభుజం త్రిభుజంగా రాలేదు, దువ్వెన పళ్ళ వలె చీలి వచ్చింది. పన్నుకూ పన్నుకూ నడుమ ఎడం 4.84 సెకన్లు. ఉపగ్రహం తిరిగే వేగాన్ని తగ్గించి మరింత సేపు చూశారు. లయ తప్పలేదు.

మా తాతగారు యునానీ వైద్యులు. ఆయన మణికట్టు మీద వేళ్ళు ఉంచి నబ్జ్ చూస్తున్నప్పుడు ఇంట్లో ఎవ్వరూ మాట్లాడేవారు కారు. చాలా సేపు చూసేవారు. పిల్లవాడిగా నాకు అంత సేపు ఎందుకో అర్థమయ్యేది కాదు. ఎన్ని మార్లు కొట్టుకుంటున్నదో లెక్కించడం గడియారమున్న ఎవడైనా చేయగలడనీ, ఆ లెక్కలో ఏది తప్పుతున్నదో, ఎప్పుడు తప్పుతున్నదో చూడడానికే కాలం పడుతుందనీ ఆయన చెప్పేవారు. సెంటారస్ ఎక్స్-3 కథలో రెండవ అంకం అచ్చంగా ఇదే. 4.84 అన్న అంకె ఆరంభం మాత్రమే. జియాకోని బృందంలోని ఈథన్ ష్రయర్, హార్వే టానన్‌బౌమ్ మొదలైనవారికి అసలు రహస్యం దొరికినది ఆ అంకె కొద్దికొద్దిగా మారడంలో.

మార్పులు రెండు విధాలుగా కనబడ్డాయి. ఒకటి: మూలం ఉన్నట్లుండి మాయమయ్యేది. సుమారు పన్నెండు గంటలు కనబడకుండా ఉండి తిరిగి వచ్చేది. ఈ మాయమవడం 2.087 రోజులకు ఒకసారి తప్పక జరుగుతున్నదని తేలింది. రెండు: స్పందనలు కొంతకాలం ముందుగానూ, కొంతకాలం ఆలస్యంగానూ వస్తున్నాయి. ఈ ముందు వెనుకలకు కూడా ఆవృత్తి కాలం సరిగా 2.087 రోజులే.

ఉరుసులో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడు ఒకే లయతో చప్పట్లు కొడుతున్నాడని అనుకోండి. మనం దూరంగా నిలిచి వింటున్నాము. అతడు అవతలి కొసకు పోయినప్పుడు చప్పుడు మన చెవికి చేరడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. ఇవతలికి వచ్చినప్పుడు తక్కువ. రాట్నం చిన్నది గనుక మన చెవి ఆ తేడా పట్టలేదు. ఆకాశంలోని రాట్నం పెద్దది. సెంటారస్ ఎక్స్-3 అవతలి కొసన ఉన్నప్పుడు స్పందన దాదాపు 40 సెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఇవతలి కొసన ఉన్నప్పుడు 40 సెకన్లు ముందుగా వస్తుంది. 40 సెకన్లలో వెలుగు పోయే దూరం 1 కోటి 20 లక్షల కిలోమీటర్లు. అనగా ఆ వస్తువు తిరిగే కక్ష్యకు వ్యాసార్ధం అంత. ఎవ్వరూ కంటితో చూడని వస్తువు తిరిగే దారిని గడియారంతో కొలిచారు!

నన్ను ఎక్కువగా ఆకర్షించినది మరొకటి. అది అవతలి కొసన ఉన్నదని స్పందనలు చెప్పే సమయమూ, అది మాయమై ఉన్న వ్యవధిలో నడిమి క్షణమూ సరిగా ఒకటే. అంటే అది ఏదో పెద్ద నక్షత్రం వెనుకకు పోతున్నది, మనకు గ్రహణం పడుతున్నది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు కచేరీలో ఒకే మాట చెప్పినట్లయింది. 1972లో ఈ విషయం ప్రకటించారు. ఆ పెద్ద నక్షత్రాన్ని వోయ్‌చెక్ క్షెమిన్‌స్కీ అనే పోలెండు శాస్త్రజ్ఞుడు 1974 నాటికి దుర్భిణిలో చూపించాడు. సూర్యుని వంటి నక్షత్రాలు ఇరవై కలిపితే దాని బరువు వస్తుంది. నేడు దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇటువంటిదే మరొకటి హెర్క్యులీస్ మండలంలో ఉహురుకు దొరికింది. హెర్క్యులీస్ ఎక్స్-1 అని దాని పేరు. స్పందన 1.24 సెకన్లకు ఒకటి, గ్రహణం 1.7 రోజులకు ఒకటి. పైగా దీనికి మూడవ లయ ఒకటి ఉన్నది. 35 రోజుల ఆవృత్తిలో సుమారు 11 రోజులు బాగా వెలిగి, తరువాత దాదాపు కనుమరుగై, నడుమ ఒకసారి కొద్దిగా తల యెత్తి, తిరిగి మునుగుతుంది.

దీని జత నక్షత్రాన్ని గుర్తించిన వృత్తాంతం నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఆ దిక్కున హెచ్.జెడ్. హెర్క్యులిస్ అనే మసక చుక్క ఒకటి ఉన్నది. దాని వెలుగు ఎక్కువ తక్కువ అవుతుందని 1936లోనే జర్మనీకి చెందిన హాఫ్‌మైస్టర్ గమనించి పట్టికలో వ్రాసిపెట్టాడు. వేల కొలది చుక్కల పట్టికలో అదొక పంక్తి. ముప్పై ఆరేళ్ళు ఆ పంక్తితో ఎవరికీ పని పడలేదు. 1972లో విలియం లిల్లర్ అది ఇదే కావచ్చునని సూచించాడు. జాన్ బాకాల్, నీటా బాకాల్ దంపతులు దానిని వరుస రాత్రులు చూసి, దాని వెలుగు 1.7 రోజులకు ఒకసారి పెరిగి తగ్గుతున్నదని నిరూపించారు. ఆ 1.7 అంకె తప్ప వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. ఎక్స్-కిరణాల వేడిమికి ఆ నక్షత్రంలో ఒక ముఖం కాలి మెరుస్తుంది. ఆ ముఖం మన వైపు తిరిగినప్పుడు కాంతి ఎక్కువ, అవతలకు తిరిగినప్పుడు తక్కువ.

హార్వర్డులో దాచి ఉంచిన పాత ఫోటో పలకలను అప్పుడు దులిపి తీశారు. దశాబ్దాల నాటి పలకల మీద ఆ చుక్క కొన్ని కాలాలలో ఈ విధంగా మెరిసిందనీ, కొన్నేళ్ళ పాటు మెరవక ఊరకున్నదనీ తెలిసింది. ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రమే పుట్టని రోజులలో ఎక్స్-కిరణాలు వచ్చిన ఆనవాలు గాజు మీద నిలిచి ఉన్నది! మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల కూడా ఆకాశమంతటినీ ఫోటోలు తీసే ఒక మహా ప్రయత్నంలో పాలు పంచుకొన్నది. వివిధ దేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకొన్నాయి. అందులో ఒక వాటా నిజామియాకు వచ్చింది. ఏ ప్రయోజనానికని తెలియక ఓపికగా వ్రాసి దాచిన పట్టిక ఏనాటికో ఒకరి చేతిలో దీపం అవుతుంది. గ్రంథాలయంలో పాత పుస్తకాలను స్థలాభావం పేర తీసివేయవలెనని సూచించే మిత్రులు ఈ పేరాను మరొకసారి చదువవలెనని ప్రార్థన.

35 రోజుల లయను గురించి ఒక్క మాట. ఆ చిన్న వస్తువు చుట్టూ వాయువు పళ్ళెంలా పరచుకొని తిరుగుతున్నదనీ, ఆ పళ్ళెం వంగి ఉండి మెల్లగా ఊగుతూ మన చూపుకు అడ్డు వస్తున్నదనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. సాక్ష్యమేమనగా, మనకు ఎక్స్-కిరణాలు అందని రోజులలో కూడా హెచ్.జెడ్. హెర్క్యులిస్ ముఖం మునుపటి వలెనే కాలుతున్నది, మునుపటి వలెనే 1.7 రోజులకు ఒకసారి మెరుస్తున్నది. అది ఆరిపోలేదు, మనకు కనబడలేదు. అంతే.

ఇంతకూ ఆ చిన్న వస్తువు ఏమిటి? 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని రేడియో తరంగాలలో స్పందించే నక్షత్రాన్ని కనుగొన్నది. అవే పల్సార్లు. 1974లో ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చినప్పుడు అది ఆమె ఆచార్యునికి వచ్చింది గాని ఆమెకు రాలేదు. మన విద్యార్థినులు ఈ పేరును గుర్తుంచుకోవలెనని ఇక్కడ వ్రాస్తున్నాను. ఒక పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన గుండెకాయ వంటిది పల్సార్. సూర్యుని కన్న ఎక్కువ బరువు, ఒక మోస్తరు పట్టణమంత పరిమాణం. అడ్డంగా ఇరవై పాతిక కిలోమీటర్లు. దానిని న్యూట్రాన్ నక్షత్రం అన్నారు. బొంగరంలా తిరుగుతూ, తన భ్రమణ శక్తినే ఖర్చు చేసుకొంటూ వెలుగుతుంది. కనుక రేడియో పల్సార్ ఏడాదికేడాది కొంచెం కొంచెం మందగిస్తుంది. ఉహురు చూసిన రెండు మూలాలు అందుకు విరుద్ధంగా కాలక్రమాన వేగం పుంజుకొంటున్నాయి. ఖర్చు చేసేవాని సొమ్ము పెరుగుతున్నదంటే ఎక్కడి నుండో రాబడి ఉండవలె. ఆ రాబడి జత నక్షత్రం నుండి జారిపడే వాయువు. అది చుట్టూ తిరుగుతూ పడుతున్నది గనుక బొంగరాన్ని ఇంకా విసురుగా తిప్పుతుంది. కాంతి వేగంలో సగానికి దగ్గర వేగంతో పడుతున్నది గనుక కోట్ల డిగ్రీల వేడితో ఎక్స్-కిరణాలను చిమ్ముతుంది. అయస్కాంత ధ్రువాల దగ్గరే పడుతుంది గనుక వేడి మచ్చలు రెండు ఏర్పడతాయి. బొంగరం తిరిగినప్పుడు ఆ మచ్చలు మన వైపుకు వచ్చి పోతుంటాయి. అదే స్పందన.

ఆ అయస్కాంత బలాన్ని కూడా కొలిచారు. 1976లో యోఆఖిమ్ ట్రూంపర్ నాయకత్వాన జర్మను శాస్త్రజ్ఞులు బెలూను మీద పరికరాన్ని పంపి, హెర్క్యులీస్ ఎక్స్-1 వర్ణపటంలో ఒక విచిత్రమైన గుర్తును చూశారు. దాని నుండి లెక్కిస్తే ఆ అయస్కాంత క్షేత్రం మన భూమి అయస్కాంత క్షేత్రానికి లక్షల కోట్ల రెట్లు.

ఇంతవరకు లయ దొరికిన కథలు చెప్పాను. లయ అనుకొన్నది లయ కాకపోయిన కథ కూడా ఉన్నది. సిగ్నస్, అనగా హంస మండలంలో ఉన్న సిగ్నస్ ఎక్స్-1 కూడా రెపరెపలాడుతున్నదని ఉహురు చెప్పింది. అందులో క్రమం ఉన్నదని మొదట 1971లో ప్రకటించారు కూడా. మరింత చూసిన కొద్దీ ఆ క్రమం నిలువలేదు. అది కొట్టుకొంటున్నది గాని లయ లేదు. గట్టి ఉపరితలమూ, వేడి మచ్చా లేని వస్తువుకు లయ ఎక్కడిది? ఆ దిక్కున ఒక రేడియో మూలం కనబడడంతో జత నక్షత్రం దొరికింది. 5.6 రోజుల కక్ష్య తేలింది. లూయీస్ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్ ఒక వైపు, టామ్ బోల్టన్ మరొక వైపు దాని బరువును అంచనా వేశారు. అది న్యూట్రాన్ నక్షత్రానికి మించిన బరువు. నేడు దానిని కృష్ణబిలంగా అంగీకరిస్తున్నారు.

దీనికి తిరగబడిన కథ 2014లో జరిగింది. కోటి ఇరవై లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఎం-82 అనే నక్షత్రవీధి ఉన్నది. అందులో ఒక ఎక్స్-కిరణ మూలం కోటి సూర్యుల పాటి వెలుగు వెలుగుతున్నది. అంత వెలుగు కృష్ణబిలానికి తప్ప సాధ్యం కాదని అందరూ నిశ్చయించుకొని ఉన్నారు. ఆ యేడు జనవరిలో అదే వీధిలో ఒక నక్షత్రం పేలింది. దానిని చూడడానికి నూస్టార్ అనే ఉపగ్రహాన్ని అటు తిప్పారు. మాట్టియో బాకెట్టి అనే ఇటాలియను శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలలో 1.37 సెకన్ల లయను పట్టుకొన్నాడు. కృష్ణబిలానికి లయ ఉండదు. అది న్యూట్రాన్ నక్షత్రం. వెలుగును చూసి నిర్ణయించినవారు నాడిని చూడలేదు.

ఈ భాగం చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. ముగించి నేను మొదటిసారి ఉద్యోగానికి వెళ్ళిన చోట, దరఖాస్తు మీద నా పేరు చదివిన పెద్దమనిషి ఒకరు ఎంతో దయగా "ఉర్దూ పోస్టుకు ఇంటర్వ్యూ రేపు బాబూ" అన్నారు. నేను వచ్చినది తెలుగు పోస్టుకని చెప్పాను. ఆయన నా సర్టిఫికెట్టును వెనుకకు ముందుకు తిప్పి చూశారు. తరువాత ఛందస్సులో నాలుగు ప్రశ్నలు వేశారు, జవాబులు చెప్పాను. ఉద్యోగం రాలేదు. ఆ కారణం చేతనే రాలేదని నేను అనను, ఎందుకంటే నాకన్న మంచి మార్కులున్నవారు ఆ వరుసలో ఉన్నారు. మా బంధువర్గంలో మరొక విధం. పెళ్ళిళ్ళలో నన్ను 'తెలుగు మౌల్వీ' అని పిలుస్తారు. ఇంట్లో అందరి వలె ఉర్దూ మాట్లాడుతూ తెలుగు పద్యంతో అన్నం తింటున్నవాడు వారికి వింతగానే తోస్తాడు. రెండు చోట్లా నన్ను చూసినవారే. దూరం నుండి చూశారు, ఒక రాకెట్టు ప్రయాణమంత సేపు చూశారు. అంతకు మించి నాకు వారితో తగవు లేదు. మన కళాశాల పిల్లలు రేపు ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు ఇటువంటిది ఎదురవుతుంది, నవ్వి ఊరకుండమని గాని, కోపగించమని గాని చెప్పలేను. కూర్చొని నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పి రమ్మని మాత్రం చెబుతాను.

మన దేశం ఈ రంగంలో నడిచిన దారిని క్లుప్తంగా చెబుతాను. 1975 ఏప్రిల్ 19న రష్యా నేల నుండి ఎగిరిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభటలో ఎక్స్-కిరణ పరికరం ఒకటి ఉన్నది. కొద్ది రోజులకే విద్యుత్తు లోపం వల్ల ప్రయోగాలు ఆగిపోయాయి. నలభై యేళ్ళ తరువాత, 2015 సెప్టెంబరు 28న, ఆస్ట్రోశాట్ మన శ్రీహరికోట నుండి పైకి పోయింది. ఉహురు సెకనులో పదవ వంతు కాలాన్ని విడదీసి చూసేది. ఆస్ట్రోశాట్‌లోని పెద్ద ఎక్స్-కిరణ పరికరం సెకనును లక్ష ముక్కలు చేసి చూడగలిగేటట్లు నిర్మింపబడింది. 2024 జనవరి 1న అదే శ్రీహరికోట నుండి ఎక్స్‌పోశాట్ ఎగిరింది. అది ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలవడానికి.

ధ్రువణం ఎందుకంటే, హెర్క్యులీస్ ఎక్స్-1 కథ ముగియలేదు. అంతటి అయస్కాంత క్షేత్రం గల వస్తువు నుండి వచ్చే కిరణాలలో సగానికి మించిన ధ్రువణం ఉండవలెనని సిద్ధాంతం చెబుతూ వచ్చింది. 2022లో ఐక్స్‌పీ అనే విదేశీ ఉపగ్రహం కొలిచి చూస్తే నూటికి పది పాళ్ళు కూడా లేదు. లయ దొరికి యాభై యేళ్ళయింది, జత దొరికింది, కక్ష్య, బరువు, అయస్కాంత బలం తెలిశాయి. ఆ వేడి మచ్చ మీద సరిగా ఏమి జరుగుతున్నదో తిరిగి ఆలోచించవలసి వచ్చింది. ఈపాటికి ఇటువంటి స్పందించే మూలాలు వందకు పైగా తెలుసు. వాటిలో తొలినాళ్ళలో దొరికినదానినే మనం ఇంకా గుర్తుపడుతున్నాము.

అట్ట మీద మా అమ్మాయి చివరకు 'కనుగొనుట' పక్కన 'గుర్తుపట్టుట' అని వ్రాసింది. నేను 'గుర్తించుట' అని సూచించాను. ఆమె ఒప్పుకోలేదు, పట్టుకోవడం అందులో లేదన్నది. ఆమె మాటనే ఉంచాము.

ఏప్రిల్, మే నెలలలో రాత్రి పది దాటిన తరువాత ఈశాన్యం వైపు చూస్తే తెల్లగా మెరిసే అభిజిత్తు కింద కనబడుతుంది. ఇంగ్లీషు వారు దానిని వేగా అంటారు. అది అరబ్బీలోని 'వాఖి' నుండి వచ్చిన పేరు, రెక్కలు ముడిచి వాలుతున్న గ్రద్ద అని అర్థం. నడినెత్తికి చేరువగా నారింజవన్నెలో ఉన్నది స్వాతి. ఈ రెంటికీ నడుమ, అభిజిత్తుకు కొంచెం దగ్గరగా, పెద్ద కాంతి లేని చుక్కల గుంపు హెర్క్యులీస్. హెచ్.జెడ్. హెర్క్యులిస్ అందులోనే ఉన్నది. అది కంటికి కనబడదు. మన భౌతికశాస్త్ర ప్రయోగశాల బీరువాలో ఉన్న ఆరంగుళాల దర్పణపు దుర్భిణికి కూడా అది అందడం కష్టం. అయినా ఆ చోటు చూడవచ్చును. సెలవులకు ముందు రెండు రాత్రులు మేడ మీదికి పోవడానికి అనుమతి, ఆ బీరువా తాళం చెవి ఇప్పించవలసిందిగా కమిటీ వారికి విద్యార్థుల తరపున ఒక అర్జీ వ్రాసి ఇచ్చాను. అర్జీ తెలుగులోనూ, ఉర్దూలోనూ ఉన్నది.